గోస్తనీ ప్రవాహం కొలిచే సభ్యులకు

అందరికీ నమస్కారం. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ, తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 120 కి.మీ. మాత్రమే. పైగా కొండ నది, అందుకే పైన గట్టి వాన పడితే నీరు చకచకా పెరుగుతుంది. ఇక్కడ ఎండ కాస్తోంది కదా అని నదిలో దిగకండి. నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, చెత్తాచెదారం కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి.

కొలతకు వంపులు, బండలు లేని 10 మీటర్ల తిన్నని పాయ చూసుకుని, దాని రెండు చివరలా గుర్తులు పెట్టుకోండి. బత్తాయి గానీ, సగం నీళ్లు నింపిన చిన్న సీసా గానీ మొదటి గుర్తుకు కాస్త ఎగువన వదలండి. ఖాళీ సీసా వద్దు, గాలికి కొట్టుకుపోయి లెక్క తప్పుతుంది. గుర్తు నుంచి గుర్తుకు పట్టిన సెకన్లు రాసుకోండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. తర్వాత వెడల్పు కొలిచి, ప్రతి మీటరుకూ కర్రతో లోతు చూడండి. మెత్తటి ఇసుకలో కర్ర దిగబడితే లోతు ఎక్కువ చూపిస్తుంది, అడుగున చిన్న చెక్కపలక బిగించుకోండి.

పైనీరు అడుగునీటి కన్నా వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. ఉదాహరణకు 10 మీటర్లకు 20 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.5 మీటర్లు, గుణిస్తే 0.425. దీన్ని వెడల్పుతో, సగటు లోతుతో గుణిస్తే ప్రవాహం వస్తుంది: వెడల్పు 6, సగటు లోతు 0.3 మీటర్లైతే సెకనుకు 0.765 ఘనపు మీటర్లు, అంటే 765 లీటర్లు.

భీమిలి మొగ దగ్గర మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. పోటు వేళ నీరు వెనక్కి తంతుంది.