మాక్రో ఫొటో సంఘం వార్షిక నివేదిక: విజయవాడ, గుంటూరు సభ్యులకు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు గదిలో, బల్ల ముందే సాగింది. కొండలెక్కి, పొలం గట్ల మీద తిరిగి తీసినవి తక్కువ. ఒక చిన్న రాయినో, కిటికీ దగ్గర చచ్చి పడున్న పురుగునో పెట్టుకుని గంటల తరబడి తీసినవే ఎక్కువ. బయటి కార్యక్రమాలు తగ్గాయని కొందరు నొచ్చుకున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఐదు రెట్లు, పది రెట్లు పెద్దది చేసి చూపించాలంటే కుదురుగా కూర్చోక తప్పదు.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు. వస్తువు తన అసలు సైజులోనే సెన్సర్ మీద పడితే అది మాక్రో. అంతకు మించితే ఎక్స్‌ట్రీమ్ మాక్రో. పది రెట్ల మైక్రోస్కోప్ అబ్జెక్టివ్ (మైక్రోస్కోప్‌లో వస్తువు వైపు ఉండే లెన్స్) పెడితే ఫోకస్‌లో నిలిచే మందం పది మైక్రాన్ల లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక మిల్లీమీటరు లోతున్న పురుగును ఐదు మైక్రాన్ల చొప్పున జరుపుతూ తీస్తే 200 ఫ్రేములు కావాలి. ఆ ఫ్రేముల వరసనే స్టాక్ అంటాం, వాటిని సాఫ్ట్‌వేర్‌లో కలిపితేనే ఒక ఫొటో. లెన్స్ లోపలి రంధ్రం మూస్తే ఫోకస్‌లో నిలిచే లోతు పెరుగుతుంది కదా అని చాలామంది ఎఫ్/8కో, ఎఫ్/11కో పోతారు (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నది). ఐదు రెట్ల దగ్గర ఎఫ్/8 పెడితే అది ఎఫ్/48లా పనిచేస్తుంది. చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) పదును మొత్తం పోతుంది. అందుకే లెన్స్ తెరిచి పెట్టి, ఫ్రేములు ఎక్కువ తీయమని ప్రతి శిక్షణలోనూ చెప్పాం, మళ్లీ చెబుతాం.

విజయవాడలో అసలు చిక్కు అదుర్లు. రైలు పట్టాల దగ్గర ఇల్లున్న సభ్యుల సంగతి చెప్పనక్కర్లేదు. గూడ్స్ బండి ఒకటి వెళ్లిందంటే సగం స్టాక్ పాడు. అర్ధరాత్రి దాటాక తీద్దామంటే గూడ్స్‌లు తిరిగేది కూడా అప్పుడే. ఎల్‌ఈడీ లైట్లతో ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చే పద్ధతి మానేసి ఫ్లాష్‌కు మారినవారు చాలావరకు బయటపడ్డారు. బాగా తక్కువ పవర్‌లో పెడితే ఫ్లాష్ వెలుగు సెకనులో సుమారు 20 వేలవ వంతు సేపే ఉంటుంది. ఆ కాస్త సమయంలో బల్ల అదిరినా ఫొటోలో కనపడదు. మంచి అబ్జెక్టివ్ కొనేముందు బరువైన నాపరాయి పలక ఒకటి, దాని కింద వేసే రబ్బరు ముక్కలు, రెండు ఫ్లాష్‌లు, ట్రేసింగ్ పేపర్ సమకూర్చుకోండని నా సలహా. లెన్సుల మీద మనవాళ్లు పెట్టే ఖర్చులో పావు వంతు వెలుతురు మీద పెట్టరు.

ఈ ఏడాది నాకు బాగా నచ్చిన పని ఆటోనగర్‌లో జరిగింది. మైక్రోస్కోప్ అబ్జెక్టివ్‌ను కెమెరా బెల్లోస్‌కు (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య సాగే మడతల గొట్టం) బిగించే అడాప్టర్ బయటి నుంచి తెప్పిస్తే ఆలస్యం, పైగా ఖరీదు. లేత్ మీద చేయిద్దామని వెళ్లాం. అబ్జెక్టివ్ బిగించే మర చుట్టుకు అంగుళానికి 36 చుట్లు, వ్యాసం 0.8 అంగుళం, కోణం 55 డిగ్రీలు. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దంలో కుదిరిన కొలత అది. మిల్లీమీటర్ల మరలకు అలవాటుపడిన మేస్త్రి కాగితం తిప్పి తిప్పి చూసి, "ఏ బండికండీ ఇది?" అని అడిగారు. పురుగుల ఫొటోలకని చెబితే నవ్వి, మొదటి ముక్క ఇత్తడితో చేసి ఇచ్చారు. లోపల మెరుపు వల్ల ఫొటోలు వెలిసినట్టు వచ్చాయి. బ్లాక్‌బోర్డు రంగు పూశాక సరిపోయింది. తర్వాతివి అల్యూమినియంతో చేయించాం.

గుంటూరు సభ్యులు మిరప మీద పనిచేశారు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మన మిరప రైతులను ఎంత దెబ్బ తీసిందో అందరికీ తెలుసు. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే ఆ పురుగు పూతలో దాక్కుంటుంది. పది రెట్లలో చూస్తే సన్నటి రెక్కల అంచుల నిండా వెంట్రుకలు. దవడ ఒక్కటే, అది కూడా ఎడమ వైపుది. కుడిది ఎదగదు. ఫొటోలు చూసిన రైతులు ఏ మందు కొట్టాలని అడిగారు. దానికి మనం సమాధానం చెప్పకూడదని కమిటీ నిర్ణయం. గుంటూరు దగ్గర లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తలను అడగమని పంపించాం.

దుగ్గిరాల పసుపు కొమ్ముల్లో దొరికిన గోధుమ రంగు పురుగుల మీద వాదన నడిచింది. నిల్వ సరుకును తొలిచే రెండు జాతులు చూడటానికి ఒకేలా ఉంటాయి. మూడు రెట్లలో తీస్తే తేడా తెలిసిపోయింది. ఒకదాని రెక్కల మీద గాడులు వరసగా ఉంటాయి, మీసాల చివర మూడు కణుపులు లావుగా ఉంటాయి. రెండోదాని రెక్కలు నున్నగా, మీసాలు రంపపు పళ్లతో ఉంటాయి. మనకు దొరికింది రెండోది. వాదన అక్కడితో ముగిసింది.

ఖనిజాల్లో విజయవాడ కొండరాళ్లలోని ఎర్రటి గార్నెట్లు, కొండపల్లి క్రోమైట్ (క్రోమియం ఖనిజం), అగ్నిగుండాల గెలీనా (సీసం ఖనిజం) తీశాం. గార్నెట్‌కు ఫ్లాష్ మీదా లెన్స్ మీదా ఒకదానికొకటి అడ్డంగా పోలరైజర్లు (వెలుగును ఒకే దిశలో పోనిచ్చే ఫిల్టర్లు) పెడితే పై మెరుపు పోయి లోపలి ఎరుపు బయటపడుతుంది. అదే పని గెలీనాకు చేస్తే బొగ్గు ముక్కలా తయారవుతుంది. దాని అందమంతా మెరుపులోనే ఉంది కాబట్టి దానికి చుట్టూ తెల్ల కాగితం గుడారం కట్టాలి.

శిలాజాలు మాత్రం కొన్నే. ఒంగోలు ప్రాంతపు వేమవరం ఆకు ముద్రలు, రాజమండ్రి దగ్గర కాతేరు సున్నపురాయిలోని గవ్వలు ఒక కళాశాల నుంచి అరువు తెచ్చుకున్నాం. కాతేరు రాయి లావా పొరల మధ్య ఇరుక్కున్నది, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. ఆకు ముద్రలకు వెలుతురు పక్క నుంచి, దాదాపు నేలబారుగా పడాలి. ఎదురుగా కొడితే ఈనెలు మాయం.

పురుగులను ఫ్రీజర్‌లో పెట్టి చంపి తీయవచ్చా అన్నదానిపై రెండు సమావేశాల్లో గొడవ అయింది. కొన్ని సీతాకోకచిలుకలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకూడదు. మిగతావాటికి కూడా వీధి దీపాల కింద చచ్చి పడినవే వాడాలని తీర్మానించాం. తొలకరికి ఒక సభ్యుడి పాప తెచ్చిన ఆరుద్ర పురుగును బతికుండగానే తీసి తోటలో వదిలేశాం. ఎనిమిది కాళ్లున్నది కీటకాల ఆల్బంలో ఎలా పెడతారని పెద్దాయన ఒకరు పట్టుబట్టారు. ఆ ఫొటోను వేరే ఆల్బంలోకి మార్చాం.

ఇకపై ప్రదర్శనకు ఇచ్చే ప్రతి ఫొటోకు దొరికిన ఊరు, తేదీ, ఎన్ని రెట్లు, స్కేలు గీత (అసలు సైజు తెలిపే గీత) తప్పనిసరి. ఇవి లేకుండా వచ్చినవి ఎంత బాగున్నా పక్కన పెడతాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వానాకాలంలో లెన్సులకు బూజు పట్టకుండా సంఘం బీరువాకు సిలికా జెల్ కొన్నాం. ఆటోనగర్ అడాప్టర్లు ఇంటికి తీసుకెళ్లినవారు సర్వసభ్య సమావేశం లోపు తిరిగివ్వాలి, వరసలో చాలామంది ఉన్నారు.

కార్యదర్శి