ఇంజిన్ విప్పకుండానే మా బండిని బాగుచేసిన వాళ్ళకి కృతజ్ఞతలు

ఒంగోలు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మేస్త్రి గారికి, రేడియేటర్ షెడ్డు భాయ్‌కి, మా వీధిలో ఉండే పాలిటెక్నిక్ లెక్చరర్ గారికి, టంగుటూరు దగ్గర హైవే మీద మా కోసం లారీ ఆపిన డ్రైవర్ అన్నకి మనస్ఫూర్తిగా నమస్కారాలు. పేర్లు రాస్తే వాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

మాది 2003 మోడల్ డీజిల్ బండి. కనిగిరి దగ్గర ఉండే మా మావయ్య వాడి, తర్వాత మాకిచ్చారు. అమ్మని నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే మాకు అదే దిక్కు. అమ్మకి నడుము సమస్య, బస్సులో అంత దూరం కూర్చోలేదు. అందుకే ఈ సాయం మాకు ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను.

ఆ రోజు టంగుటూరు దాటగానే టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత దగ్గరికి వెళ్ళిపోయింది. బండి పక్కకి ఆపి బానెట్ ఎత్తాం. వెనకే లారీ ఆపి వచ్చిన అన్న మొదట అన్న మాట, "చెల్లెమ్మా, మూత మీద చెయ్యి పెట్టొద్దు." రేడియేటర్ మూత బిగించి ఉన్నంతసేపూ లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో అవి ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు మొహం మీదికి కొడతాయి. ఆయన ఇంజిన్ చల్లారేదాకా మాతోనే ఉన్నాడు. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయించింది కూడా ఆయనే. క్రేన్ వచ్చాకే కదిలాడు. అన్నా, నీ ఊరేదో కూడా అడగలేదు. నువ్వు చల్లగా ఉండాలి.

చల్లారాక మూత తీస్తే లోపల నీళ్ళకి బదులు గోధుమరంగు మీగడ. ఇంజిన్ ఆయిల్, నీళ్ళు కలిసి గిలకొట్టుకుపోతే అలా అవుతుందట. ముందు చూపించిన షెడ్డులో చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్డుకీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందన్నారు. హెడ్డు దింపాలి, లేత్‌కి పంపాలి, పాత బండికి అంత ఖర్చు దండగ, అమ్మేయండి అని సలహా కూడా ఇచ్చారు. ఆ మాట విన్నాక మా ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు. హెడ్ గ్యాస్కెట్ పోతే ఇలా అయ్యే మాట నిజమే. కానీ దానికి వేరే కారణాలు కూడా ఉంటాయని మాకు చెప్పింది మేస్త్రి గారే.

లెక్చరర్ గారి మాట మీద మేస్త్రి గారు మా ఇంటికే వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మాయ్, హెడ్డు ఎక్కడికీ పోదు, ముందు తేలిక పనులు చూద్దాం" అన్నారు. ముందు ఆయిల్ గేజీ లాగి గుడ్డకి తుడిచి చూపించారు. ఆయిల్ నల్లగా శుభ్రంగా ఉంది, తెల్లటి నురగ లేదు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ కింద, ఆయిల్ నిలవుండే సంప్ నట్టు కొంచెం వదులు చేశారు. నీళ్ళు ఆయిల్ కంటే బరువు, లోపల ఉంటే ముందు అవే కారతాయి. ఒక్క చుక్క కూడా రాలేదు. అంటే ఆయిల్ నీళ్ళలోకి పోతోంది గానీ నీళ్ళు ఆయిల్లోకి రావడం లేదు.

అలా ఎందుకవుతుందో లెక్చరర్ గారు పక్కనే నిలబడి ఓపిగ్గా చెప్పారు. బండి నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 40, 50 పౌండ్లు ఉంటుంది. రేడియేటర్ మూత 13 పౌండ్ల దగ్గరే విడిచేస్తుంది. రెండింటి మధ్య ఎక్కడ చిల్లి పడినా ఎక్కువ ప్రెషర్ ఉన్న ఆయిలే నీళ్ళలోకి దూరుతుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ ప్రెషర్ సున్నా అయిపోతుంది, వేడి నీళ్ళలో మాత్రం కాసేపు ప్రెషర్ మిగిలి ఉంటుంది. చిల్లి పెద్దదైతే అప్పుడు నీళ్ళు ఆయిల్లోకి రావచ్చు, చిన్నదైతే రాకపోవచ్చు. మరి బండి ఎందుకు వేడెక్కింది అని అడిగాను. ఆయిల్ వేడిని మోసే శక్తి నీళ్ళలో దాదాపు సగమే, అది రేడియేటర్ గొట్టాల లోపల పూత పట్టేస్తే వేడి బయటికి పోదు అన్నారు. ఇంత తేలిగ్గా చెప్పే మాస్టారు దొరికిన పిల్లలు అదృష్టవంతులు.

తర్వాత మేస్త్రి గారు హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చారు. తెల్లారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మూత తీసి ఉంచి బుడగలు వస్తున్నాయా అని చూశారు. రాలేదు. పై హోస్ పట్టుకుంటే మెత్తగానే ఉంది. సిలిండర్లోని గ్యాసు నీళ్ళలోకి వస్తుంటే స్టార్ట్ చేసిన కాసేపటికే అది గట్టిపడుతుందట. రేడియేటర్ మీద పెట్టే టెస్టు ద్రవం కూడా తెప్పించారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే దాని నీలం రంగు మారాలి, మారలేదు. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ప్రెషర్) అన్ని సిలిండర్లకీ దాదాపు సమానంగా వచ్చింది. ఆయిల్ దారికీ నీళ్ళ దారికీ మధ్య మాత్రమే గ్యాస్కెట్ తెగితే ఈ పరీక్షల్లో దొరకదని కూడా ఆయన దాచకుండా చెప్పారు. "అందుకే హెడ్డు కంటే ముందు ఆయిల్ కూలర్ విప్పుదాం, దానికి నాలుగు బోల్టులు, రెండు హోసులే" అన్నారు.

ఆయిల్ కూలర్ అనేది ఒకటి ఉంటుందనే మాకు తెలియదు. ఒకవైపు ఇంజిన్ ఆయిల్, ఇంకోవైపు రేడియేటర్ నీళ్ళు, మధ్యలో పల్చటి రేకు. చాలా ఆటోమేటిక్ గేరు బండ్లలో గేర్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం రేడియేటర్లోనే ఉంటుంది, అది పోతే మీగడ గులాబీ రంగులో వస్తుందట. మాది గోధుమరంగు, గేర్లు మామూలువి. కాబట్టి అనుమానం కూలర్ మీదే నిలిచింది.

భాయ్ షెడ్డులో కూలర్ నీళ్ళ దారులు మూసి, ఆయిల్ వైపు నుంచి గాలి ఎక్కించి తొట్టిలో ముంచారు. చల్లనీళ్ళలో ఏమీ కనపడలేదు. నా గుండె జారిపోయింది. భాయ్ మాత్రం, "ఆగు అక్కా, వేడికి రేకు సాగాలి" అని పొయ్యి మీద నీళ్ళు కాచి తెచ్చి పోశారు. కాసేపటికి ఒక మూల నుంచి సన్నటి బుడగలు వరసగా రావడం మొదలైంది. చల్లనీళ్ళ దగ్గరే ఆపేసి కూలర్ బాగుంది అని ఇచ్చేసి ఉంటే, మేము అనవసరంగా హెడ్డు దింపేవాళ్ళం. భాయ్, ఆ ఒక్క పనికే మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా చాలదు.

చిల్లి ఎందుకు పడిందో కూడా కూలర్ లోపల చూపించారు. తెల్లగా గట్టిగా పేరుకున్న పొర, దాని కింద తినేసిన రేకు. కనిగిరి వైపు బోరు నీళ్ళ సంగతి మన ప్రాంతం వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది, ఫ్లోరైడ్, ఉప్పులు అన్నీ ఎక్కువే. అక్కడ ఏళ్ళ తరబడి రేడియేటర్లో ఆ నీళ్ళే పోశారు, చుట్టుపక్కల అన్ని బండ్లకీ అదే అలవాటు. మన ప్రాంతంలో ట్రాక్టర్ ఉన్నవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు ఈ ఒక్కటి గమనించమని కోరుతున్నాను. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయడం ఒక కూలర్ ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువ.

కొత్త కూలర్, సీళ్ళు వేశాక కడగడమే పెద్ద పని అయింది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే బిళ్ళ) తీసేసి, హీటర్ తెరిచి ఉంచి, ఆయిల్ విరిచే ద్రవం కలిపిన నీళ్ళతో ఇంజిన్ నడిపి వదలడం, మళ్ళీ నింపడం. నీళ్ళు తేటపడేదాకా మేస్త్రి గారు విసుక్కోలేదు. నురగ ఎక్కువొచ్చే బట్టల సబ్బుపొడి వేయొద్దన్నారు. ఆయిల్ తగిలి ఉబ్బి మెత్తబడిన రబ్బరు హోసులన్నీ మార్పించారు, మూత కూడా. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ బాగున్నట్టే కనపడినా జాగ్రత్త కోసం అవీ మార్చారు. కూలీ ఎంత అని అడిగితే ఆయన తీసుకోనన్నారు. అమ్మ బలవంతం చేస్తే భోజనం మాత్రం చేశారు.

తర్వాత నెల్లూరు వెళ్ళొచ్చాం, ముల్లు సగం దాటలేదు. కూలెంట్ ట్యాంకులో ఇంకా పల్చటి ఆయిల్ తెట్టు అప్పుడప్పుడూ తేలుతోంది, గుడ్డతో తీసేస్తున్నాను. లోపల మూలల్లో మిగిలింది వస్తోంది, తెట్టు పెరగకుండా తగ్గుతూ ఉంటే భయం లేదని మేస్త్రి గారు ముందే చెప్పారు. సంక్రాంతి తర్వాత కూలెంట్ ఇంకోసారి మార్చాలన్నారు. మేస్త్రి గారూ, ఈసారి బండి మీ ఇంటికే తెస్తాం, మీరు ఎండలో రావద్దు.