షుగర్ ఉన్నవాళ్ల పాదాలు కూడా చూడండి

ఎడిటర్ గారికి,

మాది అంబాజీపేట దగ్గర పల్లె. దాళ్వా నాట్లప్పుడు చేలో నత్తగుల్ల పెంకు అరికాల్లో దిగితే మా నాన్నగారికి తెలియనే లేదు, సాయంత్రం అమ్మ రక్తం చూసి అరిస్తే గానీ. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. చెప్పు జారిపోయినా తెలియట్లేదురా అని ఆయన ముందే అన్నారు, వయసు కదా అని మేమే కొట్టిపారేశాం. ఆ బాధ నన్ను వదలట్లేదు.

అప్పటి నుంచి షుగర్ వల్ల పాదాల నరాలు ఎలా దెబ్బతిని స్పర్శ పోతుందో చదువుతున్నాను. ల్యాబుల్లో ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చి షుగర్ తెప్పిస్తారు, వెన్నుపాము పక్కనుండే నరకణాలను విడిగా పెంచి ఎలా దెబ్బతింటున్నాయో చూస్తారు. నరకణంలోకి గ్లూకోజ్ వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు, అందుకే రక్తంలో పెరిగితే లోపలా పెరుగుతుంది. ఎక్కువైనదాన్ని ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ సార్బిటాల్‌గా మారుస్తుంది, ఆ పనిలో కణం తనను కాపాడుకునే శక్తి తగ్గిపోతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా దెబ్బతింటాయి. పాదానికి వెళ్లే నరం మీటరు పొడవుంటుంది, పొడవైన నరాలే ముందు దెబ్బతింటాయి కాబట్టి మొదట కాలివేళ్లే మొద్దుబారతాయి. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే ఎపాల్‌రెస్టాట్ మాత్ర మన దేశంలో దొరుకుతుంది, కానీ పాడైన నరాన్ని మళ్లీ మామూలు చేసే మందు ఇంకా రాలేదు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మేం చూపించుకునే చోట షుగరు, బీపీ చూసి పంపేసేవారు, ఒక్కసారీ కాళ్లు చూడలేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును పాదానికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూసే పరీక్ష కొద్ది నిమిషాల పని! బురదలో ఉత్త కాళ్లతో దిగే మా రైతులకు, కూలీలకు ఏడాదికోసారైనా ప్రతి పీహెచ్‌సీలో అది చేయించమని మీరు గట్టిగా రాయండి.

— ఒక రైతు కొడుకు, కోనసీమ