ఫ్లోట్ స్విచ్‌ను నేరుగా మోటారుకు ఇకపై కలపబోము

పర్లాకిమిడిలోని మా దుకాణంలో నీటి ట్యాంకులకు ఫ్లోట్ స్విచ్చులు, తలుపులకు అయస్కాంత అలారాలు కొనే వారందరికీ, ముఖ్యంగా కాశీనగర్, గుణుపురం, పాతపట్నం వైపు నుంచి వచ్చే వారికి నమస్కారం. ఈ నెల నుంచి, నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్‌కూ మోటారుకూ మధ్య రిలే, కాంటాక్టరు (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) లేకుండా మేము బిగించము. దీనివల్ల మీకు ఖర్చు పెరుగుతుంది కనుక కారణం చెప్పడం మా బాధ్యత.

మేము అమ్మే ఫ్లోట్ కాడలో ఉండేది రీడ్ స్విచ్. 1936లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన ఈ పరికరంలో, సన్నని గాజు గొట్టం లోపల నికెల్, ఇనుము కలిసిన రెండు పలుచని రేకులు కొనలు తాకీ తాకనట్టుగా అమర్చి ఉంటాయి. నీటితో పాటు కదిలే ఫ్లోట్‌లోని అయస్కాంతం దగ్గరకు రాగానే ఆ కొనలు విరుద్ధ ధ్రువాలుగా మారి అతుక్కుంటాయి; అది దూరమైతే రేకుల స్ప్రింగు గుణం వల్ల విడిపోతాయి. అయస్కాంతం వచ్చినదీ పోయినదీ పసిగట్టడమే దాని పని, మోటారును మోయడం కాదు.

ఇలాంటి చిన్న స్విచ్చుల్లో చాలావాటి సామర్థ్యం అర ఆంపియరు, 10 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. అర హార్స్‌పవర్ మోటారు మామూలుగా నడుస్తున్నప్పుడే మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు తీసుకుంటుంది. ఆ దెబ్బకు కొనలు కరిగి అతుక్కుపోతే ట్యాంకు నిండినా మోటారు ఆగదు. చాలామంది అప్పుడు అయస్కాంతం బలం తగ్గిందనుకుంటారు గాని, మా దగ్గరకు తిరిగి వచ్చిన వాటిలో ఎక్కువగా కనిపించినది ఈ అతుకే. మధ్యలో రిలే ఉంటే రీడ్ స్విచ్ మోయాల్సింది రిలే కాయిల్ (లోపలి తీగ చుట్ట) కరెంటునే; 12 వోల్టుల చిన్న రిలే కాయిల్‌కు సుమారు 30 మిల్లీఆంపియర్లు చాలు. దానికి అడ్డంగా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు ఒకటి పెడితే, కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజి కూడా కొనలను కాల్చదు.

రీడ్ స్విచ్ మానేసి, అయస్కాంతాన్ని ఎలక్ట్రానిక్‌గా పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టమని కొందరు అడుగుతున్నారు. మంచి పరికరమే, కదిలే భాగాలు లేవు. అయితే దానికి విద్యుత్ సరఫరా ఉండాలి. బ్యాటరీతో నడిచే తలుపు అలారానికి, తనంతట తాను ఏమీ ఖర్చు చేయని రీడ్ స్విచ్చే మేలని నా అభిప్రాయం. ఇనుప తలుపులైతే అయస్కాంత క్షేత్రాన్ని ఇనుము తనవైపు లాక్కుంటుంది, కాబట్టి స్విచ్, అయస్కాంతాల అడుగున ప్లాస్టిక్ దిమ్మ వేసి బిగిస్తాము. దాని ధర వేరుగా తీసుకోము.

ఇప్పటికే మా చేత నేరుగా కలిపించుకున్నవారు కబురు పెడితే వచ్చి మారుస్తాము. సామాను ధర మీది, కూలి మాది. రిలే వద్దనుకునేవారికి స్విచ్ అమ్ముతాము గాని, దాన్ని మోటారుకు కలపము, దానికి గ్యారంటీ కూడా రాసి ఇవ్వము.