ఎన్ని రెట్లు పెరిగిందో వేశారు, పీఈ వేయలేదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ బిజినెస్ పేజీలో హెల్త్‌కేర్ షేర్ల మీద వచ్చిన కథనం చదివాను. ఐదేళ్లలో ఎన్ని రెట్లు పెరిగాయో పెద్ద అక్షరాల్లో వేశారు గానీ ఇప్పుడు కొనేవాడికి పీఈ (షేరు ధర కంపెనీ ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఎంత పడుతుందో ఎక్కడా లేదు. అలాంటి షేరే ఒకటి కొనాలా వద్దా అని నేను మూడు నెలలుగా ఊగిసలాడుతున్నా, అందుకే ముందు వెతికింది అదే.

నేను చూస్తున్న కంపెనీకి వంక పెట్టడానికి లేదు. అప్పు లేదు, లాభం ఏటా 20 శాతం పెరుగుతోంది. పీఈ మాత్రం 60, అంటే ఏడాది లాభానికి 60 రెట్లు పెట్టి కొనాలి. సరే, ఇదే ఊపు ఇంకో ఐదేళ్లు ఉంటుందనే అనుకుందాం, లాభం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అప్పటికి మార్కెట్‌కి మోజు తగ్గి పీఈ 25కి దిగిందనుకోండి, రెండున్నర పాతికలు 62 చిల్లర. ఇవాళ 60 పెట్టి కొన్నది ఐదేళ్లకి 62! కంపెనీ ఏ తప్పూ చేయకపోయినా మన చేతికొచ్చేది అంతే, దానికన్నా ఫిక్స్‌డ్ డిపాజిట్ నయం.

ఖరీదైన షేర్లన్నీ ముంచుతాయని కాదు. సర్జరీ రోబోలు చేసే ఇంట్యూటివ్ సర్జికల్ ఏళ్ల తరబడి ఖరీదుగానే ఉంటూ పెరిగింది. మెషీన్ అమ్మాక కూడా ప్రతి ఆపరేషన్‌కీ దానికి పరికరాల డబ్బు వస్తుంది, పైగా డాక్టర్లు ఒకదాని మీద చెయ్యి తిరిగాక ఇంకోదానికి తేలిగ్గా మారరు. మందుల కంపెనీ కథ వేరు. 2011లో అమెరికాలో పేటెంట్ అయిపోగానే ఫైజర్ కొలెస్ట్రాల్ మందు లిపిటార్ అమ్మకాలు జెనరిక్స్ (వేరే కంపెనీలు అదే మందుని చౌకగా చేసి అమ్మేవి) దెబ్బకి కూలాయి. 2023లో యూరప్‌లోకెల్లా విలువైన కంపెనీ అయిన డెన్మార్క్ మందుల సంస్థ నోవో నార్డిస్క్ షేరు 2024 మధ్యలో శిఖరానికి చేరి, ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పడింది. ఆ ఏడాదిలో అమ్మకాలు పెరుగుతూనే వచ్చాయి, ఆశపడ్డంత పెరగలేదు, అంతే.

నేను కొనాలని చూస్తున్నది కూడా మందుల కంపెనీయే, లాభంలో సగం ఒక్క మందు నుంచే వస్తోంది. అందుకే పెడదామనుకున్న డబ్బులో పావు వంతుకే కొని, మిగతాది ఇంకో రెండు క్వార్టర్ల ఫలితాలు చూశాక ఆలోచిస్తా. (ఈ లెక్కలు వేసుకుంటున్న మూడు నెలల్లోనే అది ఇంకో 12 శాతం పెరిగింది, కడుపు మండదా మరి!)

ఈసారి ఇలాంటి కథనం వేస్తే పెరుగుదల పక్కనే పీఈ, లాభంలో ఒక్క మందు వాటా ఎంతో, దాని పేటెంట్ ఎప్పటిదాకా ఉందో కూడా వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు, ఓ చిన్న ఇన్వెస్టర్