క్షౌరకత్తిని సైకిల్ సానకు ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ, కాజీపేట వైపు కొందరు యువకులు తాతల నాటి క్షౌరకత్తులను బయటికి తీసి, వీధుల్లో తిరిగే సైకిల్ సాన మీద నూరిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పలుచటి అంచు ఆ చక్రం వేడికి నీలం రంగు తిరిగిందంటే, అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. ఇక పదును నిలవదు.

నీళ్ల సానరాయి చాలు. 1000 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) మీద కత్తి వీపు (మందపాటి వెనుక వైపు), అంచు రెండూ ఆనేలా పరచి, అంచు ముందుకు పోయేట్టు తోయాలి. తిప్పడం ఎప్పుడూ వీపు మీదుగానే. మొద్దుబారిన కత్తికి అసలు పని ఇక్కడే ఉంది. అంచుకు రెండు వైపులా ఉన్న వాలు మొన నుంచి మడమ (పిడి వైపు చివర) దాకా ఒకే గీతగా కలవకుండా 5000, 8000 రాళ్లకు వెళ్తే మెరుపు వస్తుంది తప్ప వెంట్రుక తెగదు. ఆ పై రాళ్ల మీద దాదాపు కత్తి బరువే చాలు, వేలితో నొక్కొద్దు. రాయి మధ్యలో గుంటపడితే గాజుపలక మీద వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి రుద్ది చదును చేయాలి.

రాళ్ల పని అయ్యాక తోలు పట్టీ మీద రుద్దేటప్పుడు దిశ మారుతుంది: వీపు ముందు, అంచు వెనుక. పట్టీకి ఉన్న గుడ్డ మీద 20, తోలు మీద 40 సార్లు. పట్టీ వదులుగా ఉంటే అంచు గుండ్రబడి, రాయి మీద పడ్డ కష్టమంతా పోతుంది.

ఈ కత్తి సొంత గడ్డానికే. దుకాణంలో మనిషి మనిషికీ కొత్త బ్లేడు మార్చాల్సిందే. హెపటైటిస్-బి నెత్తురు ద్వారా సోకుతుంది, తోలు పట్టీని ఉడకబెట్టి శుభ్రం చేయలేం.

– క్షౌరవృత్తిదారులు, హన్మకొండ