గట్టి స్ప్రింగు వేస్తే ఝాడింపు తగ్గదు

ఎడిటర్ గారికి నమస్కారం,

తిరుపతి నుంచి రాస్తా ఉండాను. మీ స్పోర్ట్స్ పేజీలో షూటింగ్ అంటే స్కోర్లు, మెడల్సే వస్తాయి, పిస్టల్ ఎట్లా పనిచేస్తాదో కూడా రాయండి సార్, ఎందుకంటే లైసెన్సు ఉన్న మావాళ్లే చానామంది రికాయిల్ స్ప్రింగు (కాల్చినాక వెనక్కి పోయిన స్లైడ్‌ని, అంటే పిస్టల్ పైభాగాన్ని, మళ్లీ ముందుకు తోసేది) విషయంలో తప్పు చేస్తా ఉండారు.

మా ఫ్రెండు ఒకాయన స్లైడ్ మీద రెడ్ డాట్ సైట్ (ఎర్ర చుక్కతో గురి చూపేది) పెట్టించి, ఝాడింపు (కాల్చినప్పుడు పిస్టల్ చేతిని వెనక్కి తన్నేది) తగ్గుతాదని ఇంకా గట్టి స్ప్రింగు వేయించినాడు. స్లైడ్ బరువు పెరిగితే అది వెనక్కి పోయే స్పీడు ముందే తగ్గుతాది గదా, దాని మీద గట్టి స్ప్రింగంటే స్లైడ్ పూర్తిగా పోనే పోదు. మూడో రౌండుకే ఖాళీ తూటా బయటికి పడక స్లైడ్ సందులో నిట్టనిలువుగా ఇరుక్కునింది, నేను పక్కనే నిలబడి చూసినా. మరీ మెత్తగా ఉన్నా కష్టమే, స్లైడ్ ఫ్రేముకు ఠపీమని కొట్టుకుంటాది, ఖాళీలు ఎక్కడెక్కడో పోయి పడతాయి.

5 అంగుళాల గొట్టం ఉండే 1911 అనే మోడల్ .45 పిస్టల్‌కి మామూలుగా 16 పౌండ్ల స్ప్రింగు. అది స్ప్రింగు తూకం కాదు, దాన్ని పూర్తిగా నొక్కడానికి పట్టే బలం. దాన్నే పట్టుకోని అన్ని పిస్టళ్లకీ లెక్క కడితే ఎట్లా? వాడే తూటాను బట్టి, ఒక్కో పౌండు మార్చి చూడాల. ఒక్క రౌండే లోడ్ చేసి కాలిస్తే స్లైడ్ వెనక ఆగిపోవాల, ఆగకపోతే స్ప్రింగు గట్టిదని అనుమానించాల.

ఈ పని ఇంట్లో చేయొద్దు, 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకైనా లైసెన్సు ఉన్నోళ్ల దగ్గరికే పోవాల.

- ఒక పాఠకుడు, తిరుపతి